వెంట్ అంటే మళ్ళడం

సోమవారం పొద్దున మా బడి బంట్రోతు సైకిలు దిగీ దిగకముందే చెప్పాడు.

“అయ్యోరా, ఇంగ్లీషు టీచరమ్మ పోయినారంట.”

నేను అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాను. శనివారం మధ్యాహ్నం ఆమె బిట్రగుంటలో ఉన్న చెల్లెలి ఇంటికి బయలుదేరడం నేను చూశాను. అందుకని, “అప్పుడే వచ్చేశారా? మళ్ళీ ఎక్కడికి పోయినారు? ఇవాళ ఎనిమిదో తరగతికి పరీక్ష పెట్టుకున్నారు గదా!” అన్నాను.

బంట్రోతు సైకిలుకు స్టాండు కూడా వేయకుండా పట్టుకొని నిలబడ్డాడు. అతని ముఖం చూస్తే నాకు అర్థం కావాలి. కాలేదు. వంటింట్లోంచి మా అమ్మ “అయ్యో నా తల్లీ!” అని పెద్దగా ఏడుపు అందుకున్నాక గాని ఆ మాట నా చెవికెక్కలేదు. ఇరవై ఏళ్ళుగా తెలుగు చెప్పి బతుకుతున్నవాణ్ణి. ‘పోయినారు’ అంటే ఏమిటో నాకు అక్షరం ముక్క రాని మా అమ్మ ఏడ్చి చెప్పాల్సి వచ్చింది.

ఇది జరిగి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. ఇప్పటికీ నాకు అది వార్తలాగానే ఉంది. పక్క వాటాలో తలుపు చప్పుడైతే తల తిప్పి చూస్తున్నాను.

ఆమెకు జబ్బేమీ లేదు. యాభై మూడేళ్ళు. నేనెరిగిన ఈ పదేళ్ళలో ఒంట్లో బాగాలేదని ఒక్క రోజు సెలవు పెట్టలేదు. ఆదివారం పొద్దున చర్చికి బయలుదేరే ముందు చెల్లెలి కూతురికి జడలు వేస్తున్నారట. రెండో జడకు రిబ్బను కడుతూ, “కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టమ్మా” అన్నారట. పిల్ల చెంబుతో తిరిగి వచ్చేసరికి స్తంభానికి ఆనుకొని ఉన్నారు. రిబ్బను కొస వేళ్ళ మధ్యనే ఉంది. రైల్వే డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు. అంతే. ఎన్నిసార్లు చెప్పించుకున్నా ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ లేదు.

మా ఊరు నెల్లూరికీ మైపాడుకూ మధ్య ఉంటుంది. పందొమ్మిది వందల యాభైల చివర్లో, ముసురు పట్టిన ఒక రోజున, ఆమె మా హైస్కూలుకు బదిలీ మీద వచ్చారు. ఒక రేకు పెట్టె, ఒక గొడుగు, అట్ట ఊడిన లావుపాటి నిఘంటువు. క్రైస్తవులకు ఇల్లు అద్దెకివ్వడం ఊళ్ళో అలవాటు లేదు. మా ఇంటి పక్క వాటా ఖాళీగా ఉన్న సంగతి నాకు తెలుసు. అయినా నేను నోరు విప్పలేదు. బస్సు దిగిన చోటే ఆమె పెట్టె మీద కూర్చుని ఉండగా మా అమ్మ చూసి వచ్చి నన్ను నిలదీసింది. “వానలో ఆడమనిషి పెట్టె మీద కూసోనుండాదిరా. నీకు కండ్లు లేవా?” ఆ మధ్యాహ్నమే ఆమె మా పక్క వాటాలోకి వచ్చారు. మా అమ్మ మొదటి రోజు నుంచీ “అమ్మణ్ణీ” అని పిలిచింది. నేను చాలా రోజులు ఏమనీ పిలవలేదు.

నాకు అప్పట్లో ఇంగ్లీషంటే చిన్నచూపు, లోపల భయం. చిట్టమూరు దగ్గర మడి చెక్కలు దున్నుకునే ఇంట్లో పుట్టి, సంస్కృతం, తెలుగు చదివి పండితుణ్ణి అయ్యాను. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం కూడబలుక్కోవాల్సిందే. ఆ లోపాన్ని గొప్పగా మాట్లాడి కప్పుకొనేవాణ్ణి. ఒకరోజు ఉపాధ్యాయుల గదిలో అందరూ వినేలా, “ఇంగ్లీషువాడి ‘గో’ ఎక్కడిదనుకున్నారు? మన ‘గచ్ఛతి’ లోంచి ఎత్తుకుపోయిందే” అని ప్రకటించాను.

టీచరమ్మ మర్నాడు నిఘంటువు మోసుకొచ్చి నా ముందు విప్పారు.

“అయ్యవారూ, మీ గమనం మా ఇంట్లోనే ఉంది. ఎత్తుకుపోలేదు, రెండిళ్ళకూ తాతలు ఒకటే. కాకపోతే అది ‘గో’లో లేదు, ‘కమ్’లో ఉంది.”

“కమ్ అంటే రావడం గదా! గమనం పోవడం గదా!”

“అదే తమాషా. మీరు పోవడానికి వాడుకున్నారు, వాళ్ళు రావడానికి వాడుకున్నారు. ‘గో’కు మీ సంస్కృతంలో చుట్టం ఎవరంటే, ‘జహాతి’ అంటారు కొందరు పెద్దలు. వదిలిపెట్టడం.”

గదిలో అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ సాయంత్రం పక్క వాటా గుమ్మం ముందు నిలబడ్డాను. ఇంగ్లీషు పరీక్ష ఒక్కటి గట్టెక్కితే పై తరగతులకు తెలుగు చెప్పే ఉద్యోగానికి అర్హత వస్తుందని, చెప్పమని అడగడానికి సిగ్గుగా ఉందని, అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆమె కుర్చీ జరిపి, “కూర్చోండి. సిగ్గు రేపు పడదాం” అన్నారు.

రోజూ సాయంత్రం ఒక గంట. వారం రోజులు ఒకే క్రియ. పాలు విరిగినా గో, దీపం ఆరినా గో, గంట మోగినా గో, గడియారం నడిచినా గో, దారి నెల్లూరికి పోయినా గో. నాకు విసుగొచ్చి, “ఒక్క మాట పట్టుకొని ఇన్నాళ్ళా?” అన్నాను. “విరిగిపోయాయి, ఆరిపోయింది, చెరిగిపోయింది. మీ ‘పో’ ఎన్నిళ్ళల్లో చాకిరీ చేస్తుందో లెక్కపెట్టుకున్నారా ఎప్పుడైనా? ఈ ఒక్కదానితో స్నేహం చేసుకోండి, తక్కినవి అవే వస్తాయి” అన్నారు. ఒకప్పుడు ‘గో’ అంటే కాళ్ళతో నడవడమే ప్రధానమని, గుర్రమెక్కితే వేరే మాట అనేవారని ఆమె చెబితే నాకు ఎందుకో ఆ మాట మీద గౌరవం కలిగింది.

ఆమె అంగట్లో పప్పు పొట్లం కట్టిన ఇంగ్లీషు కాగితాన్ని కూడా పారేయరు. మోకాలి మీద పెట్టి చేత్తో సాపు చేసి చివరి దాకా చదువుతారు. బోర్డు ఎప్పుడూ తనే తుడుస్తారు, పైనుంచి కిందికి, గోడకు సున్నం వేసినట్టు. చూశారా, ‘తుడుస్తారు’ అనే రాస్తున్నాను. కొట్టేసి మళ్ళీ రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆమెను గురించి చెప్పాలంటే ఒక పిల్లను గురించి చెప్పాలి. నా తప్పును గురించి కూడా చెప్పాలి.

మైపాడు నుంచి రోజూ నడిచి వచ్చి ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉండేది. చేపలు పట్టే పట్టపువాళ్ళ పిల్ల. తండ్రి అంతకు రెండేళ్ళ ముందు పడవ మీద వేటకు వెళ్ళి గాలివానలో చిక్కుకున్నాడు. పడవ పలకలు కొట్టుకొచ్చాయి. మనిషి రాలేదు. తల్లి బొట్టు తీయలేదు. “వేటకు పోయినాడు, వస్తాడు” అంటూనే ఉంది. ఆ పిల్ల ఇంగ్లీషు వ్యాసాల్లో ఎప్పుడూ “మై ఫాదర్ గోస్ టు సీ” అనే రాసేది. మా నాన్న సముద్రానికి పోతాడు. ‘వెంట్’ అని రాయాల్సిన చోట కూడా ‘గోస్’. టీచరమ్మ దాని కింద ఎర్ర సిరా పెట్టేవారు కాదు. నేను అడిగితే, “పిల్లలు తప్పు రాస్తే, ఆ తప్పు ఏ దారిన వచ్చిందో ముందు చూడాలి అయ్యవారూ. అప్పుడు దిద్దాలి” అన్నారు.

ఆ ఏడాది తనిఖీకి ఒక ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ఎనిమిదో తరగతిలో నోటుపుస్తకాలు తిరగేసి, ఆ అమ్మాయినే లేపారు. నేను పక్క గదిలో పాఠం చెబుతున్నాను. మధ్యలో ఉన్నది తడికే, అన్నీ వినిపిస్తాయి.

“గో. పాస్ట్ టెన్స్ చెప్పు.”

సన్నని గొంతు. “గోడ్.”

తరగతి ఘొల్లుమంది. “గోడ! గోడ!” అని వెనక బెంచీల వాళ్ళు గోడ చూపించి మరీ నవ్వారు. ఇన్‌స్పెక్టరుగారు బల్ల మీద కొట్టారు.

“మూడేళ్ళు చెప్పిన ఇంగ్లీషు ఇదా? వల లాగే వాళ్ళకు ఈ చదువెందుకు అసలు?”

అప్పుడు టీచరమ్మ గొంతు వినిపించింది. పెంచలేదు, తగ్గించలేదు.

“ఆ పిల్ల నియమం తప్పలేదండీ. వాక్‌కు వాక్డ్, లుక్‌కు లుక్డ్ అని నేనే చెప్పాను. దాని ప్రకారమే చెప్పింది. నియమం తప్పింది భాష. ‘వెంట్’ అసలు ‘గో’ బిడ్డ కాదు, పెంచుకున్నది.”

“మీరు నాకు పాఠం చెబుతున్నారా?”

“లేదండీ. పిల్లకు చెబుతున్నాను. వల మాట మాత్రం మీరు వెనక్కి తీసుకోవాలి. ఆ పిల్ల తండ్రి ఆ వలతోనే...” అని ఆగిపోయారు.

ఆయన మాట వెనక్కి తీసుకోలేదు. తనను పిల్లల ముందు అవమానించారని పై అధికారులకు రాశారు. ఆమెను దూరంగా పంపేస్తారని చెప్పుకొన్నారు. పది రోజులకు హెడ్మాస్టరుగారు మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచి, ఆ రోజు విన్నది కాగితం మీద రాసి ఇమ్మన్నారు. ఇంగ్లీషు పరీక్షకు అనుమతి కోరుతూ నేను పెట్టిన దరఖాస్తు ఆ ఇన్‌స్పెక్టరుగారి బల్ల మీదే ఉంది. నేను రెండే ముక్కలు రాశాను. ‘పాఠం చెబుతున్నందున నాకేమీ వినిపించలేదు.’

ఆ సాయంత్రం పక్క వాటాకు వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. మూడో రోజు ఆమే మా గుమ్మంలోకి వచ్చారు. మా అమ్మ పీట వేసింది. ఆమె కూర్చోలేదు.

“అయ్యవారూ, ఆ రోజు మీకు వినిపించలేదన్నారంట.”

నేను తల ఎత్తలేదు.

“ఏం పర్లేదు. రేపు రెండో పీరియడ్‌లో అదే పాఠం మళ్ళీ చెబుతున్నాను. వచ్చి వినండి.”

అంతే. కోపం లేదు, ఎగతాళి లేదు. ఆమె వెళ్ళాక మా అమ్మ నా వైపు చూసి, “ఏం చేసినావురా?” అంది. చెప్పాను. ఆ పూట అమ్మ నాకు అన్నం పెట్టి ఎదురుగా కూర్చోలేదు. అవతలికి వెళ్ళిపోయింది.

మర్నాడు వెళ్ళి వెనక బెంచీలో పిల్లల పక్కన కూర్చున్నాను. టీచరమ్మ నన్ను చూసి చూడనట్టు పాఠం మొదలుపెట్టారు.

“సెండ్‌కు ఏమవుతుంది?”

“సెంట్!”

“లెండ్‌కు?”

“లెంట్!”

“ఇప్పుడు ఒక పాత మాట చెబుతాను. వెండ్. దానికి?”

మైపాడు పిల్ల మెల్లగా లేచి, “వెంట్” అంది. అని తనే ఉలిక్కిపడింది.

“అదీ! ‘వెంట్’ పుట్టింది వెండ్ ఇంట్లో. గోకు తనదంటూ ఒక భూతకాలం ఉన్నట్టు ఎవరికీ దొరకలేదు. అంతకుముందు వాడిన మాట కూడా అరువు తెచ్చుకున్నదే. అది పాతబడిపోయింది. అప్పుడు ‘వెంట్’ను పిలుచుకొచ్చి తమ ఇంట్లో పెట్టుకున్నారు. కొన్ని వందల ఏళ్ళయింది. ఇప్పుడు ఎవరినడిగినా గో బిడ్డే అంటారు.”

“పాపం గో” అన్నాడొకడు. అందరూ నవ్వారు, ఈసారి వేరే రకంగా. నేను ఉండబట్టలేక లేచి నిలబడ్డాను. “మనకూ ఉంది టీచరమ్మగారూ. ‘వచ్చాడు’ అంటాం, ‘వచ్చలేదు’ అనం. ‘రాలేదు’ అంటాం.” ఆమెను ‘టీచరమ్మగారూ’ అని పదిమందిలో పిలవడం అదే మొదలు. ఆమె సుద్దముక్క నా చేతికిచ్చి, “బోర్డు మీద రాయండి” అన్నారు.

ఆ గంట కొట్టగానే హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, నా మొదటి కాగితం అబద్ధమని, విన్నదంతా ఇదని, ‘వల లాగే వాళ్ళకు’ అన్న మాటతో సహా మూడు పేజీలు రాసి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, “ఆలోచించుకొనే రాసినారా?” అన్నారు. “మొదటిదే ఆలోచించి రాశానండీ” అన్నాను. ఆ ఏడు నాకు పరీక్షకు అనుమతి రాలేదు. ఆమెకు బదిలీ ఉత్తర్వూ రాలేదు. పైన ఎవరు ఏమనుకున్నారో మాకు తెలియదు.

ఆ తర్వాతి ఆదివారం టీచరమ్మ చర్చి నుంచి తిరిగి వచ్చి, “మైపాడు దాకా నడుస్తారా?” అన్నారు. వెళ్ళాం. ఇసుక మొదలు కాగానే చెప్పులు చేత పట్టుకున్నారు. ఆ పిల్ల తల్లి గుడిసె ముందు చేపలు ఎండబెడుతోంది. లేచి చేతులు కడుక్కొని చాప పరిచింది.

“నా బిడ్డ ఏదో ఇంగ్లీషు మాట రాయనంటుండాదంటగదమ్మా? ఏందది?”

పిల్ల తల్లి వెనక నిలబడి, నేల చూస్తూ చెప్పింది. “ఆ మాట రాస్తే అయిపోయినట్టు గదా టీచర్. ఇంకా అయిపోలా.”

టీచరమ్మ తల్లి వైపే తిరిగి చెప్పారు. “అమ్మా, ఆ మాట ‘వెంట్’. దాని పాత అర్థం పోవడం కాదు, మళ్ళడం. దోవ మళ్ళించుకున్నాడు అని.”

“మళ్ళినాడు అంటే... మళ్ళీ ఇట్టా తిరిగినాడనా?”

“కాదమ్మా. అబద్ధం చెప్పను. వచ్చినాడని కాదు. ఆ వైపుకు మళ్ళినాడని, అంతే.”

ఆ తల్లి సముద్రం వైపు చూసింది. ఆరుతున్న చేపల మీద వాలుతున్న కాకిని చేత్తో అదిలించింది. “ఆ మాటైతే రాసుకోనీలేమ్మా. పోయినాడు అనేదానికంటే నయమే గదా” అంది. పిల్ల గుడిసెలోకి పరిగెత్తింది. ఏడుస్తున్నదని మా ముగ్గురికీ తెలుసు. ఎవరమూ లేవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో టీచరమ్మ ఉన్నట్టుండి అన్నారు. “మా ఆయన రంగూన్‌లో ఉద్యోగం చూసుకొని నన్ను పిలిపిస్తానని వెళ్ళారు. యుద్ధం వచ్చింది. జాబు రాలేదు. నేను అర్జీల్లో ‘వెంట్’ అని రాయడానికి మూడేళ్ళు పట్టింది అయ్యవారూ. నిఘంటువు కొన్నది అందుకే. దానికి ఇంకో అర్థం ఏమైనా ఉందేమో చూద్దామని.”

గొడుగు నేను పట్టుకుంటానన్నాను. ఇచ్చారు.

తర్వాత రెండేళ్ళకు ఇంగ్లీషు పరీక్ష పాసయ్యాను. ఆ అమ్మాయి ఎస్సెస్సెల్సీ గట్టెక్కి నెల్లూరులో నర్సు శిక్షణకు చేరింది. టీచరమ్మ అదే వాటాలో, అదే నిఘంటువుతో, ప్రతి ఏడూ కొత్త పిల్లలకు గో చెబుతూ ఉండిపోయారు. శనివారం ఆమె బయలుదేరడం దూరం నుంచి చూశానంతే; చివరిసారి మాట వినింది శుక్రవారం. ఆ చివరి శుక్రవారం ఆమె ఏమన్నారో గుర్తు చేసుకోవాలని ఎంతో ప్రయత్నించాను. మా అమ్మకు చింతకాయ పచ్చడి గిన్నె తిరిగి ఇచ్చి, “ఉప్పు సరిపోయింది” అన్నారు. పదేళ్ళ సహవాసానికి చివర నా దగ్గర మిగిలిన మాట అది. దాన్ని ఎంత తిప్పి చూసినా అందులో ఏ సూచనా లేదు. మనుషులు ఏ సూచనా లేకుండా వెళ్ళిపోతారన్నది నేను పాఠాల్లో చెప్పిన విషయమే. పక్కింటి మనిషికి అది జరుగుతుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

సోమవారం మధ్యాహ్నం మా అమ్మ, నేను, హెడ్మాస్టరుగారు, బంట్రోతు బిట్రగుంటలో రైలు దిగాం. స్టేషను నుంచి చెల్లెలు ఉండే రైల్వే క్వార్టర్స్ దాకా మా అమ్మ నా మోచెయ్యి పట్టుకొని నడిచింది. చెల్లెలు మమ్మల్ని చూడగానే, “ఆదివారం పొద్దున కూడా మీ మాటే చెప్పిందండీ, అయ్యవారి తెలుగు నువ్వొకసారి వినాలి అని” అంది. నెల్లూరు నుంచి ఆ మైపాడు అమ్మాయి తెల్లచీర యూనిఫారంతోనే వచ్చింది, తల్లిని వెంటపెట్టుకొని. ఆ తల్లి నేరుగా వెళ్ళి టీచరమ్మ పాదాల దగ్గర కూర్చుని, వాటి మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

సమాధుల దొడ్డి రైలు పట్టాలకు ఆనుకొనే ఉంది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టేసరికి ఒక గూడ్సు బండి వచ్చింది. ఆయన ఆపి, పుస్తకంలో వేలు పెట్టుకొని నిలబడ్డారు. బండి చాలా పొడుగు, చాలా నిదానం. పెట్టె తర్వాత పెట్టె. మాలో ఎవరూ కదలలేదు. చిట్టచివరి పెట్టె వసారాలో గార్డు ఒక్కడే నిలబడి ఉన్నాడు. మమ్మల్నీ, తవ్విన మట్టినీ చూశాడు. ఆమె ఎవరో అతనికి తెలియదు. పచ్చజెండా చంకలో పెట్టుకొని టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. బండి వంపు తిరిగి, చెట్లు అడ్డమయ్యేదాకా అతను ఆ టోపీ మళ్ళీ పెట్టుకోలేదు.